పల్లిపాడు నుంచి వెల్లంపల్లి దాకా

పాస్టరు దగ్గర పుస్తకాలంటే బైబిలు వ్యాఖ్యానాలు, ప్రసంగాల సంపుటాలు అనుకుంటారు చాలామంది. అవీ ఉన్నాయి. కానీ నన్ను లోపలి నుంచి కదిలించిన పుస్తకాలు కొన్ని వేరే ఉన్నాయి. ఈసారి వాటిలో మూడింటిని సంచిలో పెట్టుకుని, వాటితో సంబంధమున్న ఊళ్లకే వెళ్లి చదవాలని నెల్లూరు నుంచి బయలుదేరాను. ఒకటి మా నాన్న వాడిన తెలుగు బైబిలు. రెండోది గాంధీగారి ఆత్మకథ, సత్యశోధన. మూడోది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఇంగ్లీషులో అచ్చు వేయించిన పుస్తకం. ఒంగోలు చుట్టుపక్కల తోలు పని చేసుకుని బతికిన మాదిగ పెద్దలను అడిగి, వాళ్ల పాత కథలు విని రాసిందామె. నా దగ్గరున్నది జిరాక్సు కాపీ. అంచుల నిండా పెన్సిలు గీతలే.

తోడుగా మా సంఘపెద్ద వచ్చారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మాష్టారు. కారు ఆయన కొడుకుది, డ్రైవింగూ ఆ అబ్బాయే.

ముందు పల్లిపాడు వెళ్లాం. ఇందుకూరుపేట మండలంలో, పెన్న ఒడ్డునే ఉంది పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాన్ని నిలబెట్టినవాళ్లు. దక్షిణాఫ్రికాలో గాంధీగారికి స్నేహితుడైన పారసీ రుస్తుంజీ విరాళంతో భవనం లేచింది. పొద్దున్నే వెళ్లాం కాబట్టి జనం లేరు. చెట్టు నీడలో కూర్చుని, గాంధీగారు బైబిలు చదివిన సంగతి రాసుకున్న పేజీలు తీశాను.

పాత నిబంధన చదవబోతే నిద్ర వచ్చేదని ఆయన దాచుకోకుండా రాశారు. ఆ మాటకు నాకు బాధ కలగలేదు. తలకెక్కకపోయినా ఎక్కినట్టు నటించకపోవడం లేఖనం పట్ల మర్యాదే అని నా నమ్మకం. మత్తయి సువార్తలో కొండమీది ప్రసంగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది నేరుగా గుండెకు తగిలిందని రాశారు. చెంప మీద కొడితే రెండో చెంప తిప్పమన్న మాట ఆయనకు అంతులేని ఆనందాన్ని ఇచ్చిందట. ఆ తర్వాత టాల్‌స్టాయ్. 1904లో జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్లే రైల్లో, స్నేహితుడు పోలక్ చేతికిచ్చిన రస్కిన్ పుస్తకం. రాత్రంతా నిద్రపోకుండా చదివి, తెల్లారేసరికి బతుకు మార్చుకోవాలని తీర్మానించుకున్నారు. అనుకున్నట్టే ఆ ఏడాదే ఫీనిక్స్‌లో పొలం కొన్నారు.

"మనం కొండమీది ప్రసంగం మీద ఎన్ని ప్రసంగాలు చేసుంటామో గదా అయ్యగారూ" అన్నారు మాష్టారు.

నేను జవాబు చెప్పలేదు. చదివినదాన్ని చెయ్యవలసిన పనిగా తీసుకున్న మనిషి ఆయన. క్రైస్తవుడు కాకపోయినా, అట్లా చదవడం ఎట్లాగో నాకు నేర్పిన గురువుల్లో ఆయన ఒకరు. పల్పిట్ మీద ఈ మాట చెబితే కొందరికి నచ్చదని తెలుసు. అయినా చెబుతూనే ఉన్నాను.

నెల్లూరు దాటి హైవే ఎక్కాం. కావలి దగ్గర టిఫిన్. ఉలవపాడు మామిడి కాయలు రోడ్డు పక్క బుట్టల్లో కనిపించాక కారు ఆపక తప్పలేదు. అక్కడి నుంచి గుడ్లూరు వెళ్లాం. అప్పటిదాకా ప్రకాశం జిల్లాలో ఉన్న ఈ కందుకూరు వైపు ఊళ్లను 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నెల్లూరులో కలిపారు.

గుడ్లూరు ఎర్రాప్రగడ ఊరు. మహాభారతం తెలుగు చెయ్యడం నన్నయ మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, నెల్లూరులో మనుమసిద్ధి దగ్గరున్న తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరి పదిహేను పర్వాలూ పూర్తి చేశాడు. నడుమ మిగిలిన ఖాళీని పూరించినవాడు ఎర్రన. పూరించి, ఆ భాగాన్ని తన కాలపు ప్రభువుకు కాకుండా నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు, అదంతా నన్నయ రాసినదే అన్నట్టుగా. వేరే మతం గ్రంథం కదా, మీకెందుకని అడిగినవాళ్లున్నారు. ఒక జాతి తన పవిత్ర గ్రంథాన్ని తన నాలుక మీదికి తెచ్చుకోవడానికి ఎంత కష్టపడుతుందో, ఎంత వినయం కావాలో తెలుసుకోవాలంటే తెలుగు పాస్టరుకు తిక్కన, ఎర్రనల కంటే దగ్గరివాళ్లు ఎవరున్నారు? గుడ్లూరులో మేం ఎక్కువసేపు లేము. టీ తాగి, ఎర్రన గురించి మాష్టారికి నాకు తెలిసినంతా చెప్పి బయలుదేరాం.

అదే మండలంలో సముద్రం పక్కన రామాయపట్నం. ఇప్పుడు ఆ పేరు చెబితే అందరికీ పోర్టే గుర్తొస్తుంది. మాకు మాత్రం అది తెలుగు బోధకులు తయారైన చోటు. అమెరికన్ బాప్టిస్టులు 1870లలో అక్కడ సెమినరీ పెట్టారు. అక్కడ చదివి ఊళ్లకు వెళ్లినవాళ్లలో చాలామంది తల్లిదండ్రులు అక్షరం ముఖం చూడనివాళ్లు. గాలి ఉప్పగా మొహానికి కొడుతోంది. కాసేపు నిలబడి ప్రార్థన చేసుకుని ఒంగోలు దారి పట్టాం.

ఒంగోలులో రాత్రి బస చేసి, తెల్లవారకముందే ప్రార్థన కొండ ఎక్కాం. ప్రేయర్ మీటింగ్ హిల్ అంటేనే ఒంగోలు వాళ్లకు ఎక్కువ తెలుసు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అయిదుగురు ఈ కొండ ఎక్కారు. నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, తెలుగు విశ్వాసులు నర్సు, జూలియా, రూతు. 1840లో శామ్యూల్ డే వచ్చి మొదలుపెట్టిన నెల్లూరు మిషన్‌ను ఫలితం లేదని మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరుగుతున్న రోజులవి. ఒంగోలుకు ఒక బోధకుడిని పంపమని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. ఆ బోధకుడు, అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ ఇక్కడికి వచ్చింది 1866లో. అంటే పన్నెండేళ్లు.

మాష్టారు మెట్టుమెట్టుకూ ఆగుతూ వచ్చారు. పైకి చేరాక ఊరంతా కనిపించింది. నాన్న బైబిలు తెరిచి మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం, 26వ వచనం నుంచి గట్టిగా చదివాను. లోకరీతిగా జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశస్థులు మీలో అనేకులు పిలువబడలేదనీ, లోకం తృణీకరించినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడనీ పౌలు రాసిన మాటలు. కావాలనే ఆ భాగం ఎంచుకున్నాను.

క్లౌ వచ్చిన కొత్తలో ఒంగోలు బ్రాహ్మణులు, కోమట్లు కొందరు ఆయన స్కూలు మీద, బోధ మీద ఆసక్తి చూపించారు. సరిగ్గా అప్పుడే మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు పెద్దకులాల వాళ్లు. ఏం చెయ్యాలో తోచక క్లౌ తన గదిలోకి వెళ్లి, పంచిపెట్టడానికి వచ్చిన బైబిళ్లలోంచి ఒకటి తీస్తే ఈ వచనాల దగ్గరే తెరుచుకుంది. పక్క గదిలో ఆయన మొదటి భార్య కూడా (ఎమ్మాను పెళ్లాడింది ఆ తర్వాత), ఒకరికొకరు చెప్పుకోకుండానే, అదే భాగం చదువుతూ ఉంది. ఆ సాయంత్రంతో వాళ్ల నిర్ణయం అయిపోయింది.

బైబిలు ఎక్కడ తెరుచుకుంటే అక్కడి వచనాన్ని జవాబుగా తీసుకోవడం నేను మా సంఘంలో ఎవరికీ నేర్పను. అది ప్రమాదకరమైన అలవాటు. అయినా ఈ ఒక్క సంగతి దగ్గర నా నోరు పెగలదు. ఆ రోజు ఆ పేజీ తెరుచుకోకపోతే మా తాత ముత్తాతల సంగతి ఏమయ్యేదో నాకు తెలుసు.

ఆ మాదిగల్లో మొదటివాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారి. రాజయోగం సాధన చేసినవాడు. ఎమ్మా క్లౌ పుస్తకంలో నేను ఎక్కువ గీతలు గీసింది అతని కథ దగ్గరే. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు ఒక మిషనరీ నోట క్రీస్తు మాట విన్నాడు. విన్నది వదల్లేక, ఒంగోలు వచ్చిన జ్యూవెట్‌ను వెతుక్కుంటూ భార్యతో నడిచి వచ్చి, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి జనవరిలో క్లౌ పేరయ్య ఊరు వెళ్తే, అప్పటికే సిద్ధంగా ఉన్నవాళ్లు 28 మంది. వాళ్లకు వాక్యం చెప్పి సిద్ధం చేసినవాడు పేరయ్య. పుస్తకం ఊరికి రాకముందే మాట వచ్చేసింది.

మధ్యాహ్నం కొత్తపట్నం రోడ్డులో బకింగ్‌హామ్ కాలువ దగ్గర దిగాం. 1876 నుంచి 1878 దాకా కరువు. మద్రాసు రాజధానిలో లక్షల్లో చనిపోయారు. సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఉన్న క్లౌ, ఈ కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి పని పెట్టాడు. మేం దిగిన చోటే ఆ మూడు మైళ్లని చెప్పలేను గాని, కాలువ అదే. బోధకులే మేస్త్రీలు. పని మధ్యలో జనం కూర్చున్నప్పుడు వాళ్ల దగ్గర కూర్చుని ఒకే వచనం మళ్లీ మళ్లీ చెప్పేవాళ్లు. ప్రయాసపడి భారం మోసుకుంటున్న సమస్త జనులారా, నా దగ్గరికి రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేస్తాను అన్న మత్తయి పదకొండో అధ్యాయం మాట.

ఆ గట్టు మీద నిలబడి ఆ వచనం చదివినప్పుడు నాకు కళ్లు తిరిగినంత పనైంది. ఎన్నో అంత్యక్రియల్లో, ఎన్నో ఆస్పత్రి మంచాల పక్కన చదివాను దాన్ని. భారమంటే పాపభారం, మనోభారం అని వివరిస్తూ వచ్చాను. ఇక్కడ విన్నవాళ్ల నెత్తి మీద నిజంగా మట్టి తట్ట ఉంది. కడుపు ఖాళీగా ఉంది. చంకలో బిడ్డ ఉంది. ఆ వచనానికి వాళ్ల దగ్గర వ్యాఖ్యానం అక్కర్లేదు. దప్పికగొన్న నేల వాన నీటిని పీల్చుకున్నట్టు పీల్చుకున్నారు.

అన్నం కోసం మతం మారారని ఇప్పటికీ అంటారు. ఆ మాట వింటే నాకు ఊరుకోబుద్ధి కాదు. కరువు రోజుల్లో పదిహేను నెలల పాటు క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం కోసం వస్తున్నారేమోనన్న అనుమానం ఆయనకే ఉంది కాబట్టి. పని ఆగిపోయి, పంచడానికి డబ్బు లేదని తేల్చి చెప్పాకే, మాకేం వద్దు, బాప్తిస్మం ఇవ్వండి అని జనం తిరిగి వచ్చారు.

వాళ్లను రమ్మన్న చోటు వెల్లంపల్లి. మద్దిపాడు మండలం, గుండ్లకమ్మ ఒడ్డు. ఒంగోలులో అంటురోగాలు ఉండటం వల్ల ఊరికి దూరంగా ఏటి ఒడ్డున పెట్టారు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఇచ్చినవాళ్లు ఆరుగురు, అభిషేకం పొందిన తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు నీళ్లలో దిగేవాళ్లు. అలిసిపోతే వేరే ఇద్దరు. క్లౌ ఒడ్డునే ఉండి ఏర్పాట్లు చూశాడు గాని ఒక్కరినీ ముంచలేదు.

పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, పదకొండింటికి ఆపి, మళ్లీ రెండింటి నుంచి ఐదింటి దాకా అని చెప్పేసరికి మాష్టారు ఏటి గట్టు మీదే వేళ్లతో లెక్క కట్టారు. "ఎనిమిది గంటలు. ఒక్కో వరసకు 1,111 మంది. మనిషికి అర నిమిషం కూడా రాదు, 26 సెకన్లు. తొందరేం లేకుండా అయ్యేదే." బైబిల్లో పెంతెకొస్తు పండుగ నాడు మూడు వేల మంది ఒక్క రోజులో ఎట్లా బాప్తిస్మం పొంది చేరారని అడిగే వాళ్లకు ఈ లెక్క చెప్పాలని నోటుబుక్కులో రాసుకున్నారు కూడా.

గేదెలు తోలుకొచ్చిన పెద్దావిడ మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చింది. "ఏ ఊరు నాయనా మీది?" అంది. పాస్టరునని తెలిశాక "వందనాలయ్యా" అని కొంగు సర్దుకుంది. చదువుకున్నావా అమ్మా అని అడిగితే, "యాడ సదువుకుంటాం? ఇన్నదే" అని, అడగకుండానే 121వ కీర్తన మొదలుపెట్టింది. కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను అని గ్రాంథికంలోనే. బొటనవేలు వేళ్ల కణుపుల మీద కదులుతోంది, వచనానికో కణుపు. ఎనిమిదో కణుపు దగ్గర ఆగి, "అయిపోయింది" అంది. ఒక్క మాట తప్పలేదు. నేను నాన్న బైబిల్లో వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను.

వాళ్ల నాయనమ్మ నేర్పిందట, గేదెలు కాస్తూనే. ఆ నాయనమ్మకూ అక్షరాలు రావు.

తిరుగుదారిలో మాష్టారూ నేనూ మాట్లాడుకున్నది ఇదే. మా సంఘంలో చదువు రాని పెద్దవాళ్లు వెనక వరసలో కూర్చుంటారు. మేం వేగంగా వాక్యం చదివేసి ప్రసంగంలోకి వెళ్లిపోతాం. వాళ్ల చేతుల్లో ఉండేది తెరవని బైబిలు. నెలకొక కీర్తన తీసుకుని, ఆరాధనకు ముందు పావుగంట, వాళ్లకు నోటితోనే నేర్పుదామని తీర్మానించుకున్నాం. పుస్తకం చూసి చదివేది నేను, వెనక వరసలో వాళ్ల మధ్య కూర్చుని వాళ్లతోపాటు అప్పజెప్పేది మాష్టారు. ఇంకా ఒంగోలు దాటకముందే ఆయన కొడుకు, "అయితే నేను పిల్లల్ని కూడా వాళ్ల పక్కన కూర్చోబెడతా అయ్యగారూ" అన్నాడు.