పది సెకన్లలో ఎనిమిదిసార్లు

కారు కీ తిప్పి తిప్పి చూపుడువేలికి పొక్కు తెచ్చుకున్నవాడు నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఆ పొక్కు చితక్కముందే ఇదంతా రాసేయాలని కూర్చున్నాను.

మొదలు చిన్నదే. నానబెట్టిన ప్యాంటు జేబులో కీ ఉండిపోయింది. తెల్లారి బకెట్లోంచి తీసేసరికి రిమోట్ చచ్చింది. విప్పి ఆరబెట్టాను, కొత్త సీఆర్ 2032 బ్యాటరీ వేశాను. రెండు రోజులకి బోర్డు మీద పచ్చగా చిలుము పట్టింది. బటన్ కింద ఉండే చిట్టి స్విచ్ ఒకటి ఊడి చేతిలోకొచ్చింది. ఇక దాని మీద ఆశ వదులుకున్నాను. కీ మాత్రం మామూలుగానే ఉంది. పెట్టి తిప్పితే తలుపు తెరుచుకుంటోంది, బండి స్టార్ట్ అవుతోంది. రెండో కీ మా ఆవిడ దగ్గర ఉంది, దాని రిమోట్ భేషుగ్గా పనిచేస్తోంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. ఏదో చెప్పను, ఎక్కడిదో చెప్పను. కౌంటర్లో కుర్రాడు, "సిస్టమ్‌లో పెట్టి ప్రోగ్రామ్ చెయ్యాలి సార్. పొద్దున్నే బండి వదిలేసి సాయంత్రం రండి. ఉన్న కీలన్నీ తీసుకురండి" అన్నాడు. రిమోట్ ఒక్కటే పోయింది నాయనా, కీ బాగానే ఉంది అంటే, "విడిగా రాదు సార్, సెట్టే" అన్నాడు. ఎంతవుతుందో చెబితే, తప్పు విన్నానేమోనని రెండోసారి అడిగాను. రెండోసారీ అంతే చెప్పాడు. అసలు ఇది మనింట్లో మనం చేసుకునే పని కాదా అన్నాను. నవ్వాడు. ఆ నవ్వే నన్ను ఈ పనిలోకి దించింది. డబ్బులు మిగులుతాయని కాదు, మొహం మీద నవ్వాడని.

వాడి మాటల్లో పనికొచ్చే ముక్క ఒకటే ఉంది: ఉన్న కీలన్నీ తీసుకురండి. ఎందుకో వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

రిమోట్ తెప్పించుకోవడం పెద్ద పనేం కాదు. మొదట వచ్చింది తప్పుడు ఫ్రీక్వెన్సీది. పైకి చూస్తే రెండూ కవలపిల్లలే. ఉత్తర అమెరికా, జపాన్ బళ్ళవి ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, యూరప్ వైపువి 433.92 మీద. పాత రిమోట్ వెనక ఉన్న నంబరు సరిచూసుకోకుండా ఆర్డర్ పెట్టడం నా తొందర. తిరిగి పంపేసి సరైనది తెప్పించాను.

కొత్త డొల్లలో కొత్త బోర్డు వచ్చింది. పాత కీ బ్లేడు పిన్ను కొట్టి ఊడదీసి కొత్తదానికి బిగించాను. ఎంత ముచ్చటగా కుదిరిందో! పాత డొల్లని చెత్తబుట్టలోకి గిరాటేశాను. బండెక్కి కీ తిప్పితే ఇంజిన్ ఒక్క క్షణం అందుకుని ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను, అదే తంతు. మీటర్ల మధ్య ఎర్రటి కీ బొమ్మ టపటపా కొట్టుకుంటోంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఈ ముక్క తెలియకే సగంమంది సర్వీస్ సెంటర్ల పాలవుతున్నారు. కీలో రెండు వేరువేరు సరుకులుంటాయి. తలుపులు తీసే రిమోట్ ఒకటి, దానికి బ్యాటరీ కావాలి. ఇంజిన్ స్టార్ట్ అవడానికి అనుమతిచ్చే చిప్ ఇంకోటి, దానికి బ్యాటరీ అక్కర్లేదు. కీ పెట్టే రంధ్రం చుట్టూ రాగితీగ చుట్ట ఉంటుంది. చిప్‌కి కావలసిన కరెంటు గాల్లోంచి ఆ చుట్టే అందిస్తుంది, చాలా బళ్ళలో 125 కిలోహెర్ట్జ్ మీద. చిప్ తన గుర్తు చెబుతుంది. గుర్తు కుదిరితేనే ఇంజిన్. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకి ఇది తప్పనిసరి. ఆ చిప్ బోర్డు మీద ఉండదు, చాలా కీల్లో డొల్లలోనే ఓ మూల దూర్చి ఉంటుంది. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది, నల్లగా, ప్లాస్టిక్ ముక్కలా ఉంటుంది. నీళ్ళలో నానినా దానికేమీ కాలేదు. నేనే దాన్ని చెత్తలో పారేశాను.

చెత్తబుట్ట పేపరు మీద బోర్లించి వెతికాను. దొరికింది. కొత్త డొల్లలో దూర్చాను, బండి ఠక్కున స్టార్ట్ అయింది. పాత డొల్లని పారేసేముందు చెవి దగ్గర పెట్టుకుని ఆడించండి. ఏదైనా గలగలమంటే అది మీ ఇంజిన్ ప్రాణం.

ఇక అసలు కథ. కొత్త రిమోట్‌ని బండికి పరిచయం చెయ్యాలి. మాన్యువల్‌లో నాలుగు వాక్యాలున్నాయి. తలుపులన్నీ వేసి కూర్చోవాలి. కీని ఆఫ్ నుంచి ఆన్‌కి పది సెకన్లలో ఎనిమిదిసార్లు తిప్పాలి, ఎనిమిదోసారి ఆన్‌లోనే ఆపాలి. తలుపులు తమంతట తాము లాకై, మళ్ళీ తెరుచుకుంటే బండి వినడానికి సిద్ధమన్నమాట. అప్పుడు ఇరవై సెకన్లలోగా రిమోట్ మీద ఏదో ఒక బటన్ నొక్కాలి. అంతే. ఒక్కో కంపెనీది ఒక్కో తంతు. నిస్సాన్ బళ్ళు కొన్నింటిలో కీని పెట్టి తీసి, పెట్టి తీసి హజార్డ్ లైట్లు వెలిగేదాకా చెయ్యాలి. హోండాల్లో కొన్నింటికి ఆన్ చెయ్యడం, లాక్ బటన్ నొక్కడం, ఆఫ్ చెయ్యడం, మళ్ళీ మొదటికి. నాకు మాత్రం ఎనిమిది తిప్పులు రాసిపెట్టి ఉంది.

మొదటిసారి తిప్పాను. ఏమీ కాలేదు. రెండోసారి నిదానంగా తిప్పాను, పది సెకన్లు దాటిపోయాయి. మూడోసారి తొందరలో ఆన్ దాటి ముందుకెళ్ళింది, ఇంజిన్ స్టార్టయింది. ఆపాను. నాలుగోసారి యాక్సెసరీ దగ్గరే ఆగిపోతున్నానని తెలిసింది. ఆఫ్ తర్వాత వచ్చే మొదటి మెట్టు అది, ఆన్ ఆ పైది. సరే, ఆన్ దాకా తిప్పాను. బెల్టు పెట్టుకోమని ప్రతి తిప్పుకీ టింగుమని ఒక గంట. కిటికీలు ఎత్తే ఉన్నాయి. చెమట.

పదో ప్రయత్నానికి పక్కింటి పెద్దాయన వచ్చి అద్దం మీద కొట్టారు.

"ఏం బాబూ, సెల్ఫ్ తీసుకోవట్లేదా?"

"లేదండీ, బండి బానే ఉంది. రిమోట్ నేర్పిస్తున్నా."

"ఎవరికి?"

"బండికండీ."

ఆయన నన్నోసారి, బండినోసారి చూశారు. వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళారు, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చారు. ఒకాయన బానెట్ తియ్యమన్నాడు. ఇంకొకాయన బ్యాటరీ టెర్మినళ్ళు లూజయి ఉంటాయని తేల్చేశాడు. "నువ్వు సెకండ్ గేర్లో పెట్టుకో బాబూ, మేం తోస్తాం" అని పెద్దాయన వెనక్కి పోయి డిక్కీ మీద చేతులు కూడా ఆనించారు. దిగి ఆపాల్సొచ్చింది. దిగితే తలుపు తెరుచుకుంది, మళ్ళీ ఒకటి నుంచి.

కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి. ఇంట్లో మిక్సీ నుంచి ఇన్వర్టర్ దాకా ఏది చెడినా నా చేతికే వస్తుంది, బాగుపడే వెళ్తుంది. ముగ్గురు పెద్దమనుషుల ముందు ఒక తాళంచెవి తిప్పడం రాక కూర్చున్నాను. సర్వీస్ సెంటర్ కుర్రాడి నవ్వు చెవుల్లో వినిపిస్తోంది. రిమోట్ చెడ్డదేమో, బండిలో ఆ సదుపాయం తీసేశారేమో, మాన్యువల్ వేరే మోడల్‌దేమో, ఇలా అందరినీ అనుమానించాను, నన్ను తప్ప.

ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పక్క సీట్లోకొచ్చింది. "నువ్వు తిప్పు నాన్నా, నేను చూస్తా" అంది. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెడుతూ తిప్పాను. ఎనిమిది అయింది. ఏమీ కాలేదు.

"నాన్నా, నువ్వు నాలుగే తిప్పావు."

"ఎనిమిది లెక్కపెట్టాను కదే."

"ఆన్ చేసినప్పుడు ఒకటి, ఆఫ్ చేసినప్పుడు రెండు అంటున్నావు. ఆన్ చేసి ఆఫ్ చేస్తే కలిపి ఒకటి."

కాదని వాదించాను. గట్టిగానే వాదించాను, బయట ముగ్గురు ఉన్నారు కదా. అది మాన్యువల్ తీసుకుని ఒక వాక్యం కింద వేలు పెట్టింది. "ఎనిమిదోసారి ఆన్‌లో ఆపాలని ఉంది. నీ లెక్కలో ఎనిమిది ఎప్పుడూ ఆఫ్‌లోనే వస్తుంది. సరిసంఖ్య కదా!"

నిజమే. నా ఎనిమిది ఆఫ్‌లో వస్తోందనే చివర్లో ఊరికే ఇంకో తిప్పు కలుపుకుంటున్నాను, ఎందుకు కలుపుకుంటున్నానో ఆలోచించకుండా. గంటన్నర సేపు.

ఎనిమిది పూర్తి తిప్పులు పది సెకన్లలో అంటే మణికట్టుకి పరీక్షే. రెండుసార్లు ఆరు దగ్గర సమయం అయిపోయింది. పొక్కు అప్పుడే లేచింది. మూడోసారి ఎనిమిదోది ఆన్‌లో ఆగగానే నాలుగు తలుపులూ ఒక్కసారిగా టక్, వెంటనే టక్! నాకు ఒళ్ళు పులకరించింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. అద్దం దించి పెద్దాయనకి "చూశారా" అన్నాను, ఇదీ సంగతని వివరించాను. వివరిస్తుండగా ఇరవై సెకన్లు అయిపోయాయి. బటన్ నొక్కలేదు.

మళ్ళీ ఎనిమిది. ఈసారి నోరు మూసుకుని బటన్ నొక్కాను. టక్ మంది. కీ ఆఫ్ చేసి, దిగి, దూరంగా వెళ్ళి లాక్ నొక్కాను. లైట్లు మెరిశాయి. పెద్దాయన "అంతేనా?" అని చప్పగా వెళ్ళిపోయారు. తోసే అవకాశం పోయిందని ఆయన బాధ.

ఆ సాయంత్రం మా బావమరిదికి ఫోన్ చేసి అరగంట గొప్పలు చెప్పుకున్నాను. గేటు రిమోట్‌లా దీన్నీ ఏ షాపులోనైనా కాపీ చేసిస్తారని అతని వాదన. కాదు బావా, గేటు రిమోట్లలో కొన్ని ఎప్పుడూ ఒకే మాట చెబుతాయి, పక్కన నిలబడి వింటే పట్టేయొచ్చు. కారు రిమోట్ నొక్కిన ప్రతిసారీ మాట మారుస్తుంది. తర్వాత రావాల్సిన మాట ఏదో బండికీ తెలుసు. నిన్న చెప్పిన మాట ఇవాళ చెల్లదు. అందుకే పరిచయం చెయ్యాలి, కాపీ కుదరదు అని పాఠం చెప్పాను. అతను "ఊఁ" అన్నాడు. టీవీ చూస్తున్నాడని నాకు తెలుసు.

మర్నాడు బండి మా ఆవిడ తీసుకెళ్ళాల్సి ఉంది. రాత్రి నేను కొత్త రిమోట్‌తోనే లాక్ చేశాను, గర్వంగా, మేడ మీంచి. పొద్దున ఆవిడ తన రిమోట్ నొక్కితే బండి ఉలకలేదు, పలకలేదు. బ్యాటరీ అయిపోయిందనుకుని కీతో తలుపు తీసింది. దొంగ పడ్డాడనుకుంది బండి. హారన్ లంకించుకుంది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి, పెద్దాయనది అన్నిటికంటే ముందు. కీ పెట్టి ఆన్ చేస్తే ఆగుతుందని నేను పై నుంచి అరుస్తున్నాను, ఆ మోతలో ఆవిడకి వినిపించట్లేదు.

ఉన్న కీలన్నీ తీసుకురండి! అప్పుడు వెలిగింది. నా బండిలాంటి వాటిలో కొత్త రిమోట్ ఒకటి నమోదవగానే పాత రిమోట్లన్నీ చెరిగిపోతాయి. పోయిన రిమోట్ ఎవడికో దొరికినా వాడు బండి తెరవకూడదని ఆ ఏర్పాటు. మంచిదే. చిప్ జోలికి పోదు కాబట్టి ఆవిడ కీతో ఇంజిన్ స్టార్టవుతుంది, రిమోట్‌తో తలుపులే తెరుచుకోవు. ఉన్న రిమోట్లన్నీ ఒడిలో పెట్టుకుని, ఒక్క విడతలోనే వరసగా ఒక్కోటీ నొక్కాలి. ఆ కుర్రాడు "ఎందుకంటే" అని ఇంకో ముక్క చెప్పి ఉంటే వాడి సొమ్మేం పోయేది? తెలిసినవాళ్ళు సగం చెప్పి ఊరుకోవడం కౌంటర్ల దగ్గర ఒక విద్య.

రాత్రి ముగ్గురం కూర్చున్నాం. లెక్క అమ్మాయిది, తిప్పడం నాది, రెండు రిమోట్లూ మా ఆవిడ చేతిలో. మొదటి ప్రయత్నానికే అయింది, నిమిషం పట్టలేదు.

ఒక మాట. బటన్‌తో స్టార్టయ్యే కొత్త బళ్ళకి ఈ తిప్పుళ్ళు పనికిరావు. చాలావాటికి స్టీరింగ్ కింద సాకెట్‌లో పరికరం పెట్టి చెయ్యాల్సిందే, అక్కడ కుర్రాడిదే పైచేయి. చిప్ కూడా పోతే అంతే. కొన్ని బళ్ళలో పనిచేసే కీలు రెండుంటేనే మూడోది ఇంట్లో నమోదు చేసుకోగలం, ఒక్కటే మిగిలాక కుదరదు. రెండు ఉండగానే మూడోది చేయించుకోండి, నాలాగా బకెట్ చెప్పేదాకా ఆగకండి.

ఇది రాస్తుండగా కింద బండి రెండుసార్లు టక్కుమంది. మా ఆవిడ బాల్కనీలో నిలబడి తన రిమోట్ పనిచేస్తోందో లేదో చూసుకుంటోంది. పొద్దుటి నుంచి ఇది ఐదోసారి.