ఆరణాల కూలి నుంచి జంబో క్యాబినెట్ దాకా: అంజయ్య కథ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేసిన టంగుటూరి అంజయ్య అనగానే జనానికి గుర్తొచ్చేవి రెండే: జంబో క్యాబినెట్ (61 మంది మంత్రుల జట్టు), బేగంపేట విమానాశ్రయం. మొదటిదాన్ని ఇప్పటికీ జోకుగానే చెప్పుకుంటారు. నా లెక్కలో అది తెలివితక్కువతనం కాదు, గత్యంతరం లేక చేసిన పని.

హైదరాబాద్ ఆల్విన్ ఫ్యాక్టరీలో రోజుకు ఆరణాల కూలితో మొదలయ్యాడాయన. రూపాయికి పదహారణాల రోజులు, అంటే అర్ధరూపాయి కూడా కాదు. అక్కడి నుంచి కార్మిక సంఘం, ముషీరాబాద్ ఎమ్మెల్యే పదవి, 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వంలో కార్మిక శాఖ సహాయమంత్రి పదవి.

అదే ఏడు అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి మీద అసమ్మతి ముదిరితే, కాంగ్రెస్ అధిష్ఠానం అంజయ్యను ఢిల్లీ నుంచి దింపి ముఖ్యమంత్రిని చేసింది. అప్పటికి ఆయన శాసనసభ్యుడు కూడా కాదు. చట్టసభకు ఎన్నిక కావడానికి రాజ్యాంగం 164వ అధికరణం ఇచ్చే ఆరు నెలల గడువుతోనే గద్దెనెక్కాడు. ఇబ్బందంతా ఇక్కడే ఉంది. ఆయన్ని కూర్చోబెట్టింది ఎమ్మెల్యేలు కాదు, ఢిల్లీ. రాష్ట్రంలో తనదంటూ గట్టి వర్గం లేదు. చెన్నారెడ్డి మనుషులున్నారు, ఆయన వ్యతిరేకులున్నారు, జిల్లాకో పెద్దమనిషి ఉన్నాడు. అందరి నోళ్లూ మూయించడానికి చేతిలో ఉన్న సరుకు మంత్రి పదవి ఒక్కటే.

అలా మంత్రుల సంఖ్య 61కి చేరింది. 294 మంది సభలో అది ఐదో వంతు కంటే ఎక్కువే. ఇప్పుడైతే కుదరదు: 2003లో వచ్చిన 91వ సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి సభ్యుల సంఖ్యలో 15 శాతం దాటకూడదు, అంటే ఆ సభకు 44. అప్పుడు ఆ హద్దు లేదు. కానీ బుగ్గకారు దొరకనివాడు ఎప్పుడూ మిగిలే ఉంటాడు. దొరికినవాడికి శాఖ చాలదు. పైగా ఊరంతా నవ్వింది. కుదించక తప్పలేదు, కుదిస్తే పదవి పోయిన ప్రతివాడూ అసమ్మతివాది అయ్యాడు. ఇచ్చినా తప్పే, తీసినా తప్పే.

1982 ఫిబ్రవరిలో అమేథీ ఎంపీ రాజీవ్ గాంధీ బేగంపేటలో దిగాడు. అంజయ్య తనకు తెలిసిన పద్ధతిలోనే జనంతో, ఆర్భాటంగా స్వాగతం పలికాడు. రాజీవ్ నలుగురిలో మందలించాడు. ముఖ్యమంత్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే నెల 24న పదవి పోయింది, భవనం వెంకట్రామ్ వచ్చాడు. ఆయనా ఏడు నెలలే. సెప్టెంబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి. ఒకే సభా కాలంలో నలుగురు ముఖ్యమంత్రులన్నమాట.

మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టాడు. 'తెలుగువారి ఆత్మగౌరవం' అన్న మాటకు ఎవరూ వివరణ అడగలేదు, బేగంపేట ముచ్చట అప్పటికే ఊరూరా తెలుసు. అయితే అంజయ్య అవమానం ఒక్కటే కాంగ్రెస్‌ను ఓడించిందంటే ఒప్పుకోను. తొమ్మిది నెలల చైతన్య రథం ప్రచారం, రెండు రూపాయల కిలో బియ్యం హామీ తక్కువవేమీ కావు. 1983 జనవరిలో కొత్త పార్టీకి 200 పైచిలుకు సీట్లొచ్చాయి.

అవమానపడ్డా అంజయ్య కాంగ్రెస్‌ను వదల్లేదు. 1984 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో ఆ పార్టీకి దక్కినవి ఆరే, వాటిలో సికింద్రాబాద్ ఆయనది. 1986 అక్టోబరులో చనిపోతే, ఉప ఎన్నికలో అదే సీటు భార్య మణెమ్మ గెలిచింది.