పిన్ని బొమ్మ, సంక్రాంతి నుంచి శ్రావణం దాకా

జనవరి 17

ముక్కనుమ అయిపోయింది, ఇవాళ బొమ్మల కొలువు తీశాం. మెట్ల మీంచి ఒక్కొక్కటీ దించి తుడుస్తూ లెక్కపెట్టాను. ఈ ఏటికి నా దగ్గర 23 బొమ్మలు. మట్టివి తొమ్మిది, కొండపల్లివి ఆరు, ప్లాస్టిక్‌వి ఏడు, సెల్యులాయిడ్‌ది ఒకటి.

ఆ సెల్యులాయిడ్ పాపాయి మా అమ్మమ్మది. దాన్ని మాత్రం కొలువులో పెట్టను. సెల్యులాయిడ్ అంటే పాతకాలపు ప్లాస్టిక్, దాని తయారీలో కర్పూరం కలుస్తుంది. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే ఇప్పటికీ కర్పూరమే తెలుస్తుంది. అంటుకుంటే అంతే జోరుగా మండుతుంది. దీపాలు పెట్టి హారతి ఇచ్చే చోట అలాంటి బొమ్మ ఉండకూడదు. మీ ఇంట్లో చాలా తేలిగ్గా, లోపల డొల్లగా, గోటితో తడితే పింగ్‌పాంగ్ బంతిలా మోగే పాత బొమ్మ ఉంటే ముందు ఇలా రుద్ది చూడండి. కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు చెబుతారు, ఆ పని అస్సలు చేయవద్దు.

నిన్న సాయంత్రం బొమ్మల పేరంటానికి వచ్చిన పక్కింటి పిన్ని వెళ్తూ వెళ్తూ గుడ్డసంచి ఒకటి నా చేతిలో పెట్టింది. "అటక మీద దొరికిందే. పాత సామాన్ల అబ్బాయికి ఉల్లిపాయలకి వేసేద్దామని గుమ్మం దాకా తీసుకెళ్ళాను. చెయ్యి రాలేదు."

సంచిలో కళ్ళు మూసే బొమ్మ.

జనవరి 18

ముందు కొలతలు, ఫోటోలు. ఏ బొమ్మకైనా నేను మొదట చేసే పని ఇదే. విప్పాక ఏది ఎటుందో గుర్తుండదు.

పొడవు 36 సెంటీమీటర్లు. ఒళ్ళు గట్టి ప్లాస్టిక్, తల మెత్తటి వినైల్, పసుపు జుట్టు, నీలం కళ్ళు. ఎడమ కన్ను పడుకోబెడితే మూసుకుంటోంది. కుడి కన్ను సగంలో ఆగిపోయింది. కాళ్ళని పట్టి ఉంచే ఎలాస్టిక్ పిండిలా రాలిపోయింది. ఎడమ ముంజేతి మీద పంటి గాట్లు. కుడి పిక్క మీద నీలం పెన్ను గీతలు. నుదుట గోళ్ళ రంగుతో పెట్టిన ఎర్రటి బొట్టు. తెల్ల గౌనుకి అంచున చేత్తో అల్లిన లేసు, దాని మీద తుప్పు మరకలు.

పిన్ని మూడో తరగతిలో ఉండగా అంతర్వేది తీర్థంలో, అంటే జాతరలో, కొన్నారట. నరసాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగి, అక్కణ్ణుంచి బండి మీద వెళ్ళారు. వచ్చేటప్పుడు బొమ్మ పిన్ని ఒళ్ళో, పిన్ని వాళ్ళ నాన్న ఒళ్ళో. పంటి గాట్లు తమ్ముడివి, పెన్ను గీతలూ వాడివే. బొట్టు పిన్ని పెట్టింది. గౌను వాళ్ళమ్మ కుట్టి, లేసు కూడా ఆవిడే అల్లింది. నరసాపురం చుట్టుపక్కల ఇంటింటా లేసు అల్లే రోజులవి.

ఇదంతా పుస్తకంలో రాసుకున్నాను. ఏది బాగుచేయాలో ఏది ముట్టుకోకూడదో తేలేది ఈ మాటల్లోనే. బొట్టు ఉండాలి. పంటి గాట్లు ఉండాలి. అవి పూడ్చేస్తే ఇది తీర్థంలో అమ్మిన బోలెడు బొమ్మల్లో ఒకటి అవుతుందే గానీ పిన్ని బొమ్మ కాదు. పెన్ను గీతల సంగతి పిన్నినే అడిగాను. "వాడు గీసినందుకు రెండ్రోజులు ఏడ్చానే, తీసెయ్" అంది.

జనవరి 20

తల తీశాను. వినైల్ చల్లగా ఉన్నప్పుడు లాగితే మెడ చిరుగుతుంది. చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్ళలో చిన్న తువ్వాలు ముంచి, పిండి, మెడ చుట్టూ చుట్టి ఐదు నిమిషాలు ఉంచాను. ఇలా మూడుసార్లు చేశాక మెత్తబడింది. నెమ్మదిగా తిప్పుతూ లాగితే వచ్చేసింది.

ఒంట్లోంచి మన్ను రాలింది. మైదాపిండి అంత మెత్తటి బూడిదరంగు ఒండ్రు, చెంచాడు ఉంటుంది. నాకు అర్థం కాలేదు. పిన్నికి ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. 1986 ఆగస్టు గోదావరి వరదకి ఏటి మధ్య లంక మీదున్న వాళ్ళ పుట్టిల్లు మునిగింది. ఇంట్లో నడుములోతు నీళ్ళు మూడు రోజులు నిలిచాయి, బొమ్మ ఉన్న ట్రంకుపెట్టె ఆ నీళ్ళలోనే ఉంది. నీళ్ళు తీశాక పైపైన కడిగి ఆరబెట్టారు. కంటి ఇరుసు ఎందుకు తుప్పుపట్టిందో, గౌనుకి ఆ మరకలేమిటో అప్పుడు తెలిసింది.

ఆ మన్ను పారేయలేదు. మందుసీసాలో పోసి, మూత పెట్టి, బొమ్మ కాగితాలతో పాటు ఉంచాను.

జనవరి 22 నుంచి ఫిబ్రవరి 2

కన్ను. ఈ పనికే ఎక్కువ రోజులు పట్టింది.

కళ్ళు మూసే బొమ్మ లోపల పెద్ద యంత్రం ఏమీ ఉండదు. కంటిగుడ్డు చిన్న ఇరుసు మీద ఊగుతుంది, వెనక ఒక బరువు. బొమ్మ నిలబడితే బరువు కిందికి దిగి కన్ను తెరుచుకుంటుంది, పడుకోబెడితే అదే బరువు వెనక్కి జారి మూసుకుంటుంది. ఇరుసు ఇనుపది. మన డెల్టా గాలిలో ఇనుము సంగతి చెప్పేదేముంది.

బరువు సీసం ముక్క. పాతబడిన సీసం మీద తెల్లటి పొడి పడుతుంది, అది విషం. గోకవద్దు, ఊదవద్దు. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని తడి దూదితో తుడిచి, ఆ దూదిని కవర్లో కట్టి పారేయాలి. పిల్లలున్న ఇంట్లో ఈ పని తిండి బల్ల మీద చేయకూడదు.

కంటి గుంట చుట్టూ హెయిర్ డ్రయ్యర్‌తో ఒక నిమిషం వెచ్చచేసి, లోపలి నుంచి వేలితో నెడితే కన్ను గూడుతో సహా బయటికి వచ్చింది. తుప్పు మీద బలం వాడలేదు. సూది మొనతో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె ఇరుసు చివర పెట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున్న పంటిపుల్లతో మెల్లగా కదిపాను. మొదటి మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నాలుగో రోజు వెంట్రుకవాసి కదిలింది. రోజూ ఒక్క చుక్క, ఊరిన తుప్పుని పంటిపుల్లకి చుట్టిన దూదితో తీయడం, అంతే. తుప్పు వదిలించడానికని డబ్బాల్లో అమ్మే స్ప్రేలు కొట్టవద్దు, వాటిలోని ద్రావకాలు కొన్ని ప్లాస్టిక్‌లని తినేస్తాయి.

పన్నెండో రోజున బల్ల మీద పడుకోబెడితే కన్ను మూసుకుంది. ఎడమది మూసుకున్నాక ఒక క్షణానికి మూసుకుంటోంది. ఇంకా నూనె వేస్తే సమం అవుతుందేమో గానీ, ఎక్కువైన నూనె దుమ్ముని పట్టి మళ్ళీ బిగుసుకునేలా చేస్తుంది. అక్కడితో ఆపాను.

ఫిబ్రవరి 9

ఎలాస్టిక్. టైలరింగ్ సామాన్ల షాపులో మూడు మిల్లీమీటర్ల గుండ్రటి ఎలాస్టిక్ మూడు మీటర్లు, 45 రూపాయలు. బల్లపరుపుగా ఉండేది పనికిరాదు, కొక్కెం దగ్గర మెలిపడి తెగిపోతుంది. చేతికీ చేతికీ ఒక వలయం, కాలికీ కాలికీ ఇంకొకటి. లాగడానికి లేసు సూదిని మించిన పనిముట్టు లేదు.

ఇక్కడ ఒక తప్పు చేశాను. భుజాల మధ్య దూరం ఏడు సెంటీమీటర్లు. నేను నాలుగు సెంటీమీటర్ల వలయం కట్టాను. చెయ్యి గట్టిగా నిలబడిందని సంతోషిస్తుండగా చంక దగ్గర సన్నటి చీలిక కనబడింది. వెంటనే ఎలాస్టిక్ కోసేశాను. చీలికకి లోపలివైపు పలచటి నూలుగుడ్డ ముక్క తెల్ల జిగురుతో అంటించాను. కావాలంటే రేపు ఎవరైనా నీళ్ళతో నానబెట్టి తీసేయగలగాలి, అందుకే గట్టి జిగుర్లు వాడలేదు. ఈసారి వలయం ఐదున్నర. చెయ్యి ఎత్తితే నిలబడాలి, ఒక్క వేలితో నెడితే దిగాలి. ఆ మాత్రం బిగువు చాలు.

ఏప్రిల్

నెలంతా జుట్టు, గౌను.

జుట్టు మెడ వెనక ఒక పాయ మీద పరీక్షించి, గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల షాంపూతో కడిగాను. తల లోపలికి నీళ్ళు పోకుండా కళ్ళకి దూది అడ్డం. తర్వాత కండిషనర్ రాసి, చివర్ల నుంచి పైకి వెడల్పు పళ్ళ దువ్వెనతో చిక్కు తీశాను. పైనుంచి దువ్వితే కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతాయి. కూల్‌డ్రింక్ స్ట్రాలు ముక్కలు కోసి వాటికి పాయలు చుట్టి, రోజంతా నీడలో ఆరబెడితే ఉంగరాలు తిరిగాయి.

గౌనుకి కుంకుడుకాయ రసం. నానబెట్టి చేత్తో అదమడమే, రుద్దడం లేదు. తుప్పు మరకల మీద నిమ్మరసం, ఉప్పు వేసి ఎండలో గంట ఉంచి జాడించాను. రెండు దఫాలకి లేతబడ్డాయి, పూర్తిగా పోలేదు. మూడో దఫాకి లేసు దారం బలహీనంగా అనిపించి వదిలేశాను. తెగిన రెండు పువ్వుల్ని పాలకొల్లులో ఉండే మా అత్తయ్య అల్లి ఇచ్చింది. ఆవిడ భూతద్దం పెట్టి చూసి "ఎంత సన్న చేతి పనే ఇది!" అని చాలాసేపు ఆ అంచు నిమురుతూ కూర్చుంది.

మే

పెన్ను గీతలు. మొటిమలకి రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీము మెడికల్ షాపులో దొరుకుతుంది. వినైల్ లోకి ఇంకిపోయిన సిరాని అది ఎండ సాయంతో విరగ్గొడుతుంది. గట్టి ప్లాస్టిక్ మీద అంతగా పనిచేయదు. పిన్ని బొమ్మ ఒళ్ళు గట్టిదైనా కాళ్ళు వినైల్ కాబట్టి ధైర్యం చేశాను.

నేరుగా దాని మీద మొదలుపెట్టలేదు. నా బార్బీ కాలి మీద ముందు చూశాను. (దాని వీపు మీద 1966 అని అచ్చు ఉంటుంది. అది చూసి ఆ ఏడాదిదే అనుకుని ఎక్కువ ధర పెట్టి కొనకండి. ఆ సంవత్సరం ఒంటి నమూనాకి సంబంధించినది, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళ బొమ్మల మీద అదే అచ్చు ఉంది.) ఐదు శాతం క్రీము దట్టంగా, చుట్టూ కూడా రాసి మధ్యాహ్నం ఎండలో పెట్టాను. సిరా పోయింది, దాంతోపాటు రూపాయి బిళ్ళంత మేర ఒంటి రంగూ పోయింది. ఆ తెల్ల మచ్చ ఇక పోదు. చాలా బాధపడ్డాను.

పిన్ని బొమ్మకి రెండున్నర శాతం క్రీము, గీత మీద మాత్రమే, చీపురుపుల్లతో. పైన వంటింటి ప్లాస్టిక్ పొర. మన మే నెల ఎండకి వినైల్ వంగిపోతుంది కనుక పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకానే. సాయంత్రం తుడిచి చూసి, మర్నాడు కొత్తగా రాసేదాన్ని. పద్నాలుగు రోజులు పట్టింది. దగ్గరగా చూస్తే లేత నీలం జాడ ఉంది.

బొట్టు జోలికి పోలేదు. గోళ్ళ రంగు తుడిచే ద్రవాల్లో చాలావాటిలో అసిటోన్ ఉంటుంది, అది కొన్ని గట్టి ప్లాస్టిక్‌లని కరిగిస్తుంది, వినైల్‌నీ పాడుచేస్తుంది. ఎనిమిదేళ్ళ కిందట నా సొంత బొమ్మ చెయ్యి అలాగే వేళ్ళు కలిసిపోయి ముద్దయింది.

జులై

వానలు పట్టాయి. మా ఇంటి చుట్టూ కొబ్బరి తోట. అలమరాలో పెట్టిన తేమ మీటరు 82 చూపిస్తోంది. అరవై దాటితే నాకు టెన్షనే. సిలికా జెల్ గింజలు అరకిలో, గుడ్డమూటలు కట్టి మూలల్లో పెట్టాను. రంగు మారినప్పుడు సన్నని సెగ మీద వేయించి మళ్ళీ పెట్టుకోవచ్చు. కలరా ఉండలు మాత్రం వద్దు. వాటి ఆవిరికి కొన్ని ప్లాస్టిక్‌లు జిగురెక్కుతాయి. సెల్యులాయిడ్ పాపాయి విడిగా, గాలాడే అట్టపెట్టెలో ఉంటుంది. దాన్ని బిగుతు డబ్బాలో పెడితే అదే వదిలే ఆవిరితో అదే పాడవుతుంది.

కొండపల్లి అంబారీ ఏనుగుకి తొండం చివర పురుగు తినేసింది. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో పూడ్చాను. ఆరాక రంగు వేయాలి.

ఆగస్టు, రెండో శ్రావణ శుక్రవారం

పేరంటానికి వెళ్తూ బొమ్మని తీసుకెళ్ళాను. పిన్ని వాయనం పళ్ళెం పక్కన పెట్టి రెండు చేతులా అందుకుంది. ముందు ముంజెయ్యి తిప్పి గాట్లు చూసింది, తర్వాత బొట్టు. ఒళ్ళో పడుకోబెట్టింది. ఎడమ కన్ను, ఆ వెనకే కుడి కన్ను మూసుకున్నాయి.

"ఆ మన్ను ఏం చేశావే?"

సీసా కూడా ఇచ్చాను.

కిటికీ పక్కన పెట్టొద్దని, నెలకోసారి కన్ను కదిపి చూడమని చెప్పాను. కాళ్ళకి జోళ్ళు లేవు, కొలత రాసుకున్నాను: పాదం నాలుగున్నర సెంటీమీటర్లు. తెల్ల రెక్సిన్ ముక్క దొరికితే దసరాలోగా కుట్టివ్వాలి.