మూడు వంతెనల మధ్య ఒక ఆదివారం

ఎండ కాసింది. ఎడిన్‌బరోలో ఎండ కాసిన రోజున ఇంట్లో కూర్చుంటే ఇరుగుపొరుగు జాలిపడతారు. నాన్నను తీసుకుని బస్సులో సౌత్ క్వీన్స్‌ఫెరీ వెళ్లాను. ఫోర్త్ నది సముద్రంలో కలిసే ఆ మొగ మీద మూడు వంతెనలు పక్కపక్కనే ఉన్నాయి: 1890 నాటి ఎర్రటి రైలు వంతెన, 1964 నాటి వేలాడే వంతెన, 2017లో తెరిచిన క్వీన్స్‌ఫెరీ క్రాసింగ్.

నాకు చివరిదంటేనే ఇష్టం. 2.7 కిలోమీటర్ల పొడవు, 200 మీటర్లు దాటిన మూడు స్తంభాలు, వాటి నుంచి రెండు వైపులా దిగే తెల్లటి తీగలు. కానీ అది మోటార్‌వే, నడిచేవాళ్లను రానివ్వరు. అందుకే పాత వేలాడే వంతెన కాలిబాట ఎక్కాం. బస్సు వెళ్లినప్పుడల్లా కాళ్ల కింద అదురు తెలుస్తుంది. నాన్న రెయిలింగు వదలలేదు.

"ఇది గట్టిగానే ఉందిగా, ఇంకొకటి ఎందుకు?" అన్నారు. పెద్ద తీగల లోపల తుప్పు 2004లో బయటపడిందని, అది ముదరకుండా పొడిగాలి ఎక్కిస్తున్నారని చెప్పాను. 2015 డిసెంబరులో ఉక్కు భాగమొకటి పగిలి వంతెనను మూసేసిన సంగతి చెప్పేసరికి ఆయన నడక వేగం పెరిగింది.

సగం దూరంలో బలవంతంగా ఆపి కొత్తదాన్ని చూపించాను. ఒక్కో స్తంభం తీగలు పక్క స్తంభం తీగలను దాటుకుని అవతలికి వెళ్తాయి. అది అలంకారం కాదు. చివరి స్తంభాలను ఒడ్డు వైపు తీగలు లాగి పట్టుకుంటాయి. బీమర్ రాక్ అనే రాతి మీద నిలిచిన నడిమి స్తంభానికి ఆ ఆసరా లేదు. ఒక పక్క లారీలు నిండితే అది అటు ఒరగాలని చూస్తుంది. తీగలను అలా దాటించబట్టే బరువును మూడు స్తంభాలూ పంచుకుంటాయి, నడిమి స్తంభాన్ని లావుగా కట్టే అవసరం తప్పింది. ఇంత నాజూకైన లెక్క మరో వంతెనలో నేను చూడలేదు.

నాన్న అంతా విని, "చలికాలం ఆ తీగల మీద మంచు పేరుకోదా?" అన్నారు. పేరుకుంటుంది. 2020 ఫిబ్రవరిలో గడ్డలు కార్ల అద్దాల మీద పడి, రాకపోకలు ఆపేశారు. ఒప్పుకోక తప్పలేదు.

రాత్రి అమ్మకు ఫోనులో ఆయన వర్ణించింది మాత్రం ఎర్ర రైలు వంతెననే, అదీ చాలా సేపు.