మా స్విఫ్టు, అత్తయ్య నడుము, శ్రీపెరుంబుదూరు ట్రాకు

ప్రతి శుక్రవారం మా అత్తయ్యను తిరుచానూరు అమ్మవారి గుడికి తీసుకువెళ్ళేదీ, మూడు నాలుగు నెలలకోసారి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకులో గడియారంతో పోటీపడేదీ ఒకే కారులో. 2013 స్విఫ్ట్, పెట్రోలుది, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. రెండో కారు కొనే స్తోమత లేదు, ఉన్నా నిలపడానికి చోటు లేదు. అందుకని సస్పెన్షన్‌లో ఏది మార్చినా అటు 3.7 కిలోమీటర్ల ట్రాకుకూ నచ్చాలి, ఇటు మా వీధిలోని ఏడు స్పీడ్ బ్రేకర్లకూ నచ్చాలి.

మొదటి తప్పు స్ప్రింగులతోనే చేశాను. పద్నాలుగు వేలు పెట్టి కారును 40 మిల్లీమీటర్లు కిందికి దించే పొట్టి స్ప్రింగులు వేయించాను. చూడటానికి ఎంత బాగుందో! ఇంటర్ పిల్లలకు పద్దెనిమిదేళ్ళుగా హుక్ సూత్రం చెబుతున్నదాన్ని, కొనేముందు ఒక్క తీసివేత లెక్క చేయలేదు. కొన్నాక చేశాను. పాత స్ప్రింగులతో కారు నేల మీద నిలబడినప్పుడు ముందు షాకర్‌కూ, అది మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకూ మధ్య ఖాళీ 55 మిల్లీమీటర్లు. అందులో 40 పోతే మిగిలేది 15. పోనీ స్ప్రింగు గట్టిదనమైనా ఆ మేరకు పెరిగిందా అంటే అదీ లేదు. మలుపులో బరువు బయటి చక్రం మీదికి వాలగానే ఆ కాస్త ఖాళీ అయిపోయి, షాకర్ వెళ్ళి రబ్బరుకు ఆనుకునేది. అంతవరకూ మెత్తగా ఉన్నది ఒక్కసారిగా రాయిలా మారితే ముందు టైరు పట్టు వదిలేస్తుంది. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు మాత్రం ముక్కుసూటిగా పోతుంది.

స్ట్రట్ (స్ప్రింగూ షాకరూ ఒకటిగా చేరి చక్రాన్ని పట్టుకునే స్తంభం) ఉన్న కార్లలో ఇంకో తిరకాసు కూడా ఉంది. కారును దించితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందివైపు కారుకు కలిపే చెయ్యి) కోణం మారి, రోల్ సెంటర్, అంటే మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, గురుత్వ కేంద్రం కంటే ఎక్కువగా కిందికి జారుతుంది. రెంటి మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి కారు ఎత్తు తగ్గినా మలుపులో ఒరగడం అనుకున్నంత తగ్గదు. మామూలు స్ప్రింగులతో 2 నిమిషాల 27 సెకన్లకు చుట్టిన ట్రాకును వీటితో 28కి చుట్టాను. పద్నాలుగు వేలకు ఒక సెకను నష్టం.

ఇంట్లో తీర్పు ఇంకా త్వరగా వచ్చింది. "ఏమ్మా, బాగున్న కారు అమ్మేసి ఎద్దుల బండి కొన్నావా?" అన్నారు అత్తయ్య, సీటు అంచు పట్టుకుని. అటక మీద దాచిన పాత స్ప్రింగులు ఆ వారమే కిందికి దిగాయి.

వాటిని బిగించేటప్పుడే మా మెకానిక్ లోయర్ ఆర్మ్ వెనక బుష్షు (ఆర్మ్‌ను కారుకు పట్టి ఉంచే రబ్బరు కీలు) దగ్గర ఇనుపకడ్డీ దూర్చి, అటూ ఇటూ ఎగదోసి చూపించాడు. రబ్బరు చుట్టూ చీలి, కడ్డీ కదిలినప్పుడల్లా నోరు తెరిచి మూస్తోంది. బ్రేకు నొక్కిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరిగి తన కోణం తనే మార్చుకుంటోందన్నమాట! రెండువైపులా కొత్త బుష్షులకు కూలితో కలిపి 2,600 అయింది. రూపాయికి రూపాయి లెక్క వేస్తే ఆ తర్వాత నేను పెట్టిన ఏ ఖర్చూ దీనికి సాటిరాలేదు.

తర్వాత టైర్లు. 185/65 తీసి అదే పదిహేను అంగుళాల చక్రాలకు 195/55 వేయించాను (మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో). పట్టు సంగతి అలా ఉంచితే, టైరు వ్యాసం తగ్గడం వల్లనే కారు 13 మిల్లీమీటర్లు కిందికి వచ్చింది. బంప్ స్టాప్ దగ్గరి ఖాళీ ఒక్క మిల్లీమీటరు కూడా పోలేదు. కాకపోతే స్పీడోమీటరు ఇప్పుడు ఉన్నదానికంటే నాలుగు శాతం ఎక్కువే చూపిస్తుంది.

ఇరుంగట్టుకోట్టైలో కార్లు గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతాయి. అందుకే దెబ్బంతా ముందు ఎడమ టైరుకు తగులుతుంది. మొదటిసారి తిరిగివచ్చాక చూస్తే దాని బయటి అంచు పెచ్చులు లేచి, లోపలి సగం మాత్రం దుకాణంలో ఉన్నట్టే ఉంది. మందు గట్టి స్ప్రింగు కాదు, క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వాలే కోణం. స్విఫ్ట్‌లో స్ట్రట్‌ను రెండు బోల్టులు పట్టుకుంటాయి. పై బోల్టు తీసి నడుము సన్నగా, పక్కకు ఉబ్బి ఉండే క్యాంబర్ బోల్టు వేస్తే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. మైనస్ ఒకటిన్నర డిగ్రీ పెట్టించాను. ఆ వెంటనే టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేయించడం మరవకూడదు. ఊళ్ళో టైర్లను తినేది ఎక్కువగా టోనే, నింద మాత్రం క్యాంబర్ మీద పడుతుంది.

షాకర్ల దగ్గర చాలా రోజులు ఊగిసలాడాను. తెలిసినవాళ్ళంతా కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకర్ జతలు) వేయమన్నారు. నేను చూసినవాటిలో ముందు స్ప్రింగులు ఐదారు కిలోలవి, అంటే ఒక్క మిల్లీమీటరు నొక్కడానికి అంత బరువు కావాలి. వెయ్యి కిలోలు కూడా లేని కారుకు మా ఊరి రోడ్ల మీద అంత గట్టివి వేస్తే అత్తయ్య శుక్రవారాలు ఆటోలో వెళ్తారు. చివరికి కంపెనీ స్ప్రింగులు ఉంచేసి, రీబౌండ్, అంటే నొక్కుకున్న షాకర్ తిరిగి సాగే వేగం, నాబ్ తిప్పి మార్చుకునే వీలున్న షాకర్లు నాలుగు తెప్పించాను. నలభై ఎనిమిది వేలు. నాబ్ గుడికి అర చుట్టు, ట్రాకుకు చుట్టున్నర. కారు ఇప్పటికీ మలుపులో ఒరుగుతుంది, ఫొటోల్లో చూస్తే నవ్వొస్తుంది. కానీ ఒరిగేది మెల్లగా, ఒక్కసారే. ఒకవైపు నుంచి ఇంకోవైపు తిప్పినప్పుడు ఊగులాట లేదు. మొన్న 2 నిమిషాల 22 సెకన్లు వచ్చింది. (మన మామూలు కారు బీమా రేసులకు వర్తించదు. ఆ సంగతి ఇంట్లో ఇంకా వివరంగా చెప్పలేదు.)

వెనక ఇరుసుకు యాంటీ రోల్ బార్ (ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) వేయాలా అన్నది మిగిలింది. ప్రస్తుతానికి వెనక టైర్లలో నాలుగు పాయింట్లు గాలి ఎక్కువ పెట్టి సర్దుకుంటున్నాను. తోక కాస్త తిరుగుతుంది, ఖర్చు సున్నా.

ముందు షాకర్ల రాడ్లకు చెరొక ప్లాస్టిక్ కేబుల్ టై బిగించి ఉంచాను. షాకర్ ఎంతవరకు పైకి వచ్చిందో అది అక్కడే ఆగి చెబుతుంది. ట్రాకులో ఆ రోజంతా తిరిగాక ఎడమవైపుది రబ్బరుకు 6 మిల్లీమీటర్ల దూరంలో ఆగింది. సంబరంగా ఫొటో తీసుకుని, రెండింటినీ మళ్ళీ కిందికి తోసి ఇంటికి వచ్చాను. శుక్రవారం గుడికి వెళ్ళివచ్చి చూస్తే రెండూ రబ్బరును తాకి ఉన్నాయి. మా వీధి చివరి స్పీడ్ బ్రేకర్ పనే అయుంటుంది.