సగం జీతానికైనా ఉంటానన్నాడు

2021 ఆగస్టు 5 రాత్రి ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీ ఇక తమ జట్టులో ఉండడని స్పెయిన్ క్లబ్ బార్సిలోనా ప్రకటిస్తే ఫేక్ న్యూస్ అనుకుని ఫోన్ పక్కన పడేశా. అంతకు ముందు ఏడాది వెళ్లిపోతానన్నది తనే, అప్పుడు 70 కోట్ల యూరోల రిలీజ్ క్లాజ్ (ఒప్పందం మధ్యలో వెళ్లాలంటే కట్టాల్సిన సొమ్ము) చూపించి ఆపారు, ఈసారేమో సగం జీతానికైనా ఉంటానన్నాడు, మాట కూడా కుదిరింది, తీరా చూస్తే క్లబ్ పీకల్దాకా అప్పుల్లో ఉంది, స్పెయిన్ లీగ్ లా లిగా పెట్టిన జీతాల పరిమితి లెక్కల దగ్గర అంతా ఆగిపోయింది. ఆదివారం ప్రెస్‌మీట్‌లో మాట మొదలెట్టకముందే ఏడ్చేశాడు, భార్య ఆంటొనెలా టిష్యూ అందించింది. ఇక్కడ నా కంచంలో అన్నం అలాగే ఉంది, కలిపిన చెయ్యి ఎండిపోయింది. "ఎవరు పోయార్రా?" అంది అమ్మ కంగారుగా. ఏం చెప్పను? 2000లో పిల్లాడిగా ఉన్నప్పుడు అతన్ని చేర్చుకుంటామని బార్సిలోనా మొదటి మాట రాసిచ్చింది ఓ పేపర్ న్యాప్‌కిన్ మీద!