నాయన చేతి వణుకూ, సదరం సర్టిఫికెట్టూ

నాయనకు పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్లయింది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, టీ గ్లాసు సగమే పోసిస్తాం. అయినా ఇది వికలాంగుల పింఛన్ కిందికి వస్తుందని మాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మొత్తం 21 రకాల వైకల్యాలున్నాయి, అందులో పార్కిన్సన్స్ పేరు కూడా ఉంది.

సచివాలయంలో సదరం (వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్ల పరీక్ష) స్లాట్ బుక్ చేసుకుని, చంద్రగిరి నుంచి తిరుపతికి పొద్దున్నే బస్సులో తీసుకెళ్లాను. అక్కడే దెబ్బతిన్నాం. మామూలుగానే వణుకును అదుపులో ఉంచే లెవోడోపా మాత్ర వేసుకొచ్చాడు కదా, డాక్టర్ ముందు కూర్చున్న ఆ పది నిమిషాలూ చెయ్యి దాదాపు నిలకడగా ఉంది. కనీసం 40 శాతం ఉంటేనే పింఛన్, మాకు వచ్చింది 35. ఇంటికొచ్చి మధ్యాహ్నం మాత్ర ప్రభావం తగ్గాక కంచంలో అన్నం కలుపుకోలేక ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా కళ్లముందే ఉంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే, దయచేసి మాత్ర మాత్రం ఆపకండి, అది ప్రమాదం. మాత్ర ప్రభావం తగ్గినప్పుడు నడకనీ, చేతుల్నీ ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి, పాత చీటీలన్నీ తేదీల వరుసలో పట్టుకెళ్లండి, ఏ పని ఎవరు చేసిపెడుతున్నారో నోరు తెరిచి చెప్పండి. మా నాయన అడిగినదానికల్లా 'బాగానే ఉన్నాను సార్' అన్నాడు. నెలకు 6000 అంటే మా ఇంట్లో మందుల ఖర్చు గడిచిపోతుంది. మళ్లీ పరీక్షకు అర్జీ పెట్టాం, ఈసారి అమ్మ కూడా వస్తానంది.